ఛీ అని పిలిస్తే వచ్చే కుక్క

ఎనభై ఎనిమిది నవంబరులో శాంతిసేనతో మేము శ్రీలంకలో దిగాం. మద్రాసు నుంచి ఓడలో పోయాం. ట్రింకోమలీ రేవులో వాన. ఓడలో సగం మంది కక్కారు, మిగతా సగం ఆ కక్కు తొక్కుకుంటూ దిగారు. నేను రెండూ చేశాను. వీపున ప్యాకు, భుజాన రైఫిలు, చంకలో తడిసిన పరుపు చుట్ట. రేవు నుంచి లారీల్లో ఉత్తరానికి పోయాం. దారికి రెండు వైపులా తాటిచెట్లు, వాటిలో చాలావాటికి తలల్లేవు. దారిపొడుగునా నా ఎదురుగా కూర్చున్నవాడి బూట్ల కంపు. యుద్ధానికి పోతున్నానన్న భయం ఆ కంపులోనే ఊపిరాడక చచ్చింది.

"ఏమప్పా, సిలోన్ ఎట్లుండింది?" అని మా ఊరివాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. బాగుండిందని చెప్పి పంపేస్తాను. ఏం బాగు? కంపు కొట్టింది. అక్కడ నాకు అలవాటైన కంపు ఒక్కటే, అది ఒక కుక్కపిల్లది. చెప్పాలంటే దాని గురించే చెప్పాలి.

మా పోస్టు ఒక బడి. పిల్లలు లేరు, పంతుళ్ళు లేరు, తలుపులు కూడా లేవు. ఎవరో పొయ్యిలోకి ఊడదీసుకుపోయారు. నల్లబల్ల మీద సగంలో ఆగిపోయిన భాగాహారం ఉంది. వెనక ఉప్పునీటి మడుగు, ముందు ఎర్రమట్టి దారి, దారి దాటితే ఖాళీ ఊరు. కిటికీలకు ఇసుక బస్తాలు పేర్చాం. ఆటస్థలంలో బంకరు తవ్వితే నడుం లోతుకే నీళ్ళూరాయి. వానాకాలమంతా ఆ నీళ్ళల్లోనే నిలబడి కాపలా కాశాం. కాలివేళ్ళ మధ్య తోలు తెల్లగా ఉబ్బి సాక్సులతోపాటు ఊడొచ్చేది. వానలు పోయినా ఆ రోగం పోలేదు.

మా సుబేదారు కర్నూలు వైపు మనిషి. తిట్టకుండా మంచినీళ్ళు కూడా అడిగేవాడు కాదు. వంటవాడు సేలం తమిళుడు. పప్పులో రాళ్ళు వండాడో, రాళ్ళలో పప్పు వండాడో తినేవాడికి తెలిసేది కాదు. వాళ్ళిద్దరూ నన్ను కోలార్ అని పిలిచేవాళ్ళు. కోలార్ బంగారు గనుల్లో పుట్టినవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో కన్నడం, తిట్టుకోవడానికి ఇంగ్లీషు. ఆ తమిళం పుణ్యమా అని నాకో ప్రత్యేకమైన ఉద్యోగం దొరికింది. పొలంలో శవం కనబడితే పక్క ఊరివాళ్ళను పిలిపించి "ఇతను మీవాడేనా?" అని అడగాలి. వాళ్ళు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని చూసి, కాదని తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. తమవాడే అయినా కాదనేవాళ్ళని నాకు తెలుసు. ఆ ఉద్యోగమంటే ఉమ్మెయ్యాలనిపించేది.

మొదటి వారంలోనే దారి మీద మందుపాతర పేలింది. బడి కప్పు నుంచి పెంకులు రాలాయి. అందరూ నేల మీద బోర్లా పడ్డారు. నేను మాత్రం కూర్చున్నచోటే కూర్చుని టీ గ్లాసు మీద అరచెయ్యి మూశాను.

"రేయ్ కోలార్! పండుకోరా! టీ కోసరం సస్తావా?" అని సుబేదారు నేల మీంచి అరిచాడు.

"దుమ్ము పడతాది సాబ్," అన్నాను.

పరాచికం కాదు. మా ఊళ్ళో భూమి కింద మైళ్ళకొద్దీ గనులు. లోపల బండ ఉన్నట్టుండి పగిలితే పైన ఇళ్ళు ఊగుతాయి. దాన్ని మావాళ్ళు ఏర్‌బ్లాస్టు అంటారు. గూట్లో గ్లాసులు గలగలమంటాయి, కప్పు నుంచి మట్టి రాలుతుంది. అప్పుడు ఎవరూ పరుగెత్తరు. కాఫీ మీద చెయ్యి అడ్డం పెట్టి, ఆపిన మాట మళ్ళీ ఎత్తుకుంటారు. మా ఊరి పిల్లలకు నడక రాకముందే వచ్చే విద్య అది. ఆ సాయంత్రం పోస్టంతా నన్ను చూసి నవ్వింది. "బంగారు గనోడికి చావు కన్నా చాయ్ ఎక్కువ" అని సుబేదారు కనబడినవాడికల్లా చెప్పాడు.

అక్కడ మనుషులు బక్కచిక్కిపోయారు, కుక్కలు మాత్రం బలిశాయి. ఎందుకో నాకు మొదట తెలియలేదు. తరవాత ఒక పొలంలో చూశాను. చూసి గట్టు మీద కూర్చుని పొద్దున తిన్నదంతా కక్కాను. దాని గురించి ఇంతకన్నా విప్పి చెప్పను. ఆ రోజు నుంచి ఏ కుక్క నాలుక చాపినా నేను మొహం తిప్పుకునేవాణ్ణి.

ఎండాకాలంలో రేడియోలో ఆర్డరు వచ్చింది.

"పోస్ట్ టూ, ఊళ్ళో కుక్కల్ని కాల్చెయ్యండి. రోగాలొస్తున్నాయి. ఓవర్."

"ఎన్నింటిని? ఓవర్," అని మా ఆపరేటరు అడిగాడు.

"కనిపించినవన్నీ. అవుట్."

దేశం కాని దేశం వచ్చి మేము చేసిన ఘనకార్యాల్లో అదొకటి. రెండు రోజులు కాల్చాం. బడి నీళ్ళతొట్టి పక్కన ఒక ఎర్రకుక్క తిరిగేది. దాన్ని సుబేదారు ఒక్క గుండుతో పడగొట్టాడు. మర్నాడు ఎత్తి పారేసే పని నాకు చెప్పాడు. మూతికి తువ్వాలు కట్టుకుని వెళ్ళాను. కుక్క పొదుగు నిండా పాలున్నాయి. తొట్టి కింద కాలవలో దాని పిల్లలు కనబడ్డాయి. చచ్చిపోయి, చీమలు పట్టి ఉన్నాయి. గోనె పరిచి ఒక్కొక్కదాన్నే పారతో ఎత్తి వేస్తుంటే ఆఖరిది కదిలింది.

"ఛీ," అన్నాను.

చీమలు దాని కళ్ళ చుట్టూ ఉన్నాయి. దులిపాను. అది నా బొటనవేలు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచీ చచ్చినవాటిని ముట్టుకున్న వేలు అది. "ఛీ, ఛీ" అంటూ వేలు లాక్కున్నాను. మళ్ళీ పట్టుకుంది. ఎందుకు తెచ్చుకున్నావని అందరూ అడిగారు. జాలి కాదు. పొద్దున్నుంచీ పారేసి పారేసి విసుగెత్తింది, ఒక్కదాన్ని పారెయ్యకుండా ఉందామనిపించింది.

వంటవాడు గరిటె ఎత్తి అడ్డం నిలబడ్డాడు.

"డేయ్ కోలారూ, అదు వేండాండా, వద్దురా! పీనుగులు తిన్న జాతి. నా వంటింట్లోకి వచ్చిందంటే నిన్నూ దాన్నీ ఒకే సట్టిలో వేసి ఉడకబెడతా!"

రెండు రోజులైనా కాకముందే వాడు పాలపొడి కలిపి గుడ్డ పీలికతో తాగిస్తూ దొరికిపోయాడు. "చచ్చిపోతే వాసన వస్తుందని," అన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని.

దానికి నేను పేరు పెట్టలేదు. బూట్లో ఉచ్చ పోస్తే ఛీ అన్నాను. పరుపు మీద కక్కితే ఛీ అన్నాను. కప్పను పట్టుకొచ్చి నా పళ్ళెంలో వేస్తే ఛీ అన్నాను. రోజూ ఆ మాటే వినీ వినీ అది తన పేరేననుకుంది. ఛీ అంటే చాలు, ఎక్కడున్నా చెవులు వెనక్కి వేసి, వెనకభాగమంతా ఊపుకుంటూ వచ్చేది. బూతు కాకపోతే అదే మేలని సుబేదారు ఒప్పుకున్నాడు. పోస్టులో ఎవరికి అసహ్యం పుట్టినా అది పరుగెత్తుకొచ్చి ఎదురుగా నిలబడేది. ఆ పోస్టులో అసహ్యానికి కొదవేముంది? పాపం, దానికి రోజంతా పరుగే.

ఒక మధ్యాహ్నం బూట్లు విప్పి కాళ్ళు ఆరబెట్టుకుంటున్నాను. కాలివేళ్ళ మధ్య నుంచి ఊడిన తోలు పక్కన పడేశాను. అది వచ్చి వాసన చూసి తినేసింది. నేను లేచి గోడ వెనక్కి పోయి వాంతి చేసుకున్నాను. వెనక్కి వచ్చేసరికి అది నా బూటు మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. కొడదామని ఎత్తిన చెయ్యి దించేశాను. నా తోలు తిన్నది, ఇంక నాది కాక ఎవరిదవుతుంది అనుకున్నాను.

ఆగస్టులో మా బెటాలియన్‌కు వెనక్కి రమ్మని ఆర్డరు వచ్చింది. అందరూ టేప్‌రికార్డర్ల మీద పడ్డారు. సిలోన్‌లో జపాను సామాను చవక. నన్ను కూడా ఒకటి తెమ్మని మా బావ అంతకుముందే కబురు పెట్టాడు. నాకు కుక్క దిగులు పట్టుకుంది. సుబేదారు దగ్గరకు పోయి నిలబడ్డాను.

"ఈడ ఇడిసిపెడితే?" అన్నాను.

"మన తరవాత వచ్చేవాళ్ళకీ ఇదే ఆర్డరు ఉంటాదిరా. ఇది మనుషుల్ని చూస్తే పారిపోయేది గూడా మర్సిపోయింది. నువ్వే అలవాటు చేసినావు. ఛీ అంటే ఎదురొస్తాది, వాళ్ళు కాలుస్తారు."

"తీసకపోతే?"

"నేను చూడలే. ఆ పొద్దు నాకు కండ్లు కనపడవు. కానీ ఇంటికి పోయినాక సుమ్మనే వీధిలో ఇడిసేదానికైతే వద్దు. దాన్ని పెట్టుకునేవాళ్ళు ఉండల్ల."

నా ముందు ఆయన మంచిమాట చెప్పింది ఆ ఒక్కసారే. వంటవాడు అన్నం వండే పెద్ద డేగిసాలో గోనె పరిచి, దాన్ని కూర్చోబెట్టి, మూత వారగా పెట్టాడు. ఓడంతా కక్కుల కంపు మామూలే. ఈసారి ఆ కంపులో కుక్క కంపు కలిసిపోయి మమ్మల్ని కాపాడింది. మద్రాసు రేవులో సామాన్లు చూసే మనిషి బల్ల మీద అందరి టేప్‌రికార్డర్లూ తిరగేస్తున్నాడు.

"నీ దగ్గర ఏముంది?"

"కుక్క సార్."

"ఏ మేక్? జపానా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

మూత తీశాను. చూసి ముక్కు మూసుకున్నాడు. "ఛీ!" అన్నాడు. అది లేచి నిలబడి ఆయన చెయ్యి నాకింది. పో పొమ్మని చెయ్యి ఊపేశాడు. స్వదేశంలో మాకు జరిగిన స్వాగతం అదే.

రైల్లో బంగారుపేట, అక్కడ చిన్న రైలు మారి మా ఊరు ఊరిగాం చేరాను. స్టేషన్‌కు మా బావ వచ్చాడు. మా అక్క మొగుడు. సైకిలు వెనక క్యారియరు మీద టేప్‌రికార్డరు కట్టుకోడానికి తాడు కూడా తెచ్చుకున్నాడు. నా చేతిలో ఉన్నదాన్ని చూశాడు.

"ఏంబ్బా ఇది?"

"కుక్క బావా."

"కుక్కని నేనూ చూసినాలే. టేప్ యాడ?"

"తేలే."

తాడు చుట్టి జేబులో పెట్టుకుని సైకిలు నడిపించాడు. కానీ మా బావ బుర్ర ఊరికే ఉండదు. బంగారం తీశాక పోసిన సైనైడు మట్టిదిబ్బల మలుపు తిరిగేసరికి మొహం వెలిగింది. "అంటే ఇది ఫారిన్ కుక్కే గదా?" అన్నాడు.

ఊళ్ళో అంతా ఆ మాటే పాకింది. మా లైన్లో, అంటే గనివాళ్ళ ఇళ్ళ వరసలో, ఒకరి తరవాత ఒకరు చూడటానికి వచ్చారు. ఫారిన్ సబ్బు, ఫారిన్ చీర, ఫారిన్ గొడుగు చూసినవాళ్ళే కానీ ఫారిన్ కుక్కను చూసినవాళ్ళు లేరు. చూసి మొహాలు వేలాడేసుకుని పోయారు. బక్కగా, ఎర్రగా, ఒక చెవి నిక్కి ఒక చెవి వాలి, అచ్చం మా చర్చి దగ్గర చెత్తకుప్పలో తిరిగే కుక్కలాగే ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మావాళ్ళకు సముద్రం అవతలి పుల్లకూర మరీ రుచి. ఇంత తిరిగి వచ్చి నేను చూడాల్సి వచ్చింది ఇదా అనిపించింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నవాడు మా ఊరిని చూసే అని ఉంటాడు.

మా నాన్న గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరైన మనిషి. "పడుండనీలే," అన్నాడు. ఇల్లు దొరికిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న అందరం కాఫీ తాగుతున్నాం. ఏర్‌బ్లాస్టు వచ్చింది. గూట్లో గ్లాసులు గలగలలాడాయి. నాన్న మాట ఆపకుండానే తన కాఫీ మీద చెయ్యి మూశాడు. అమ్మా అంతే. నేను ఎక్కడున్నానో నాకే తెలియలేదు. తెలిసేసరికి మంచం కింద బోర్లా పడున్నాను. నా చంకలో కుక్క వణుకుతోంది. నేల మీద నా కాఫీ పారుతోంది.

నాన్న వంగి మంచం కిందికి చూశాడు. ముందు నవ్వాడు. తరవాత నవ్వలేదు.

"లెయ్ నాయినా. ఏమీ లేదు. మన బండే," అన్నాడు.

నేను లేచాను, కుక్క లేవలేదు. రోజంతా అక్కడే ఉచ్చ పోసుకుని, పట్టెడన్నం ముట్టలేదు. గనిలో షిఫ్టు చివర మందు పేల్చినప్పుడు నేల సన్నగా అదురుతుంది. మాకు అదీ తెలియదు, దానికి తెలుస్తుంది. అదిరినప్పుడల్లా మెడ ఎత్తి ఊళపెట్టేది. లైనంతా చెప్పుకుని నవ్వింది. మిలిటరీ కుక్క పిరికిదంట. వాళ్ళకు భూమి ఊగడం లెక్కలేదు కాబట్టి, లెక్క ఉన్న ప్రతిదీ పిరికిదే. వారం తిరిగేసరికి దాని పక్కటెముకలు బయటపడ్డాయి. సముద్రం దాటించి తెచ్చింది దీన్ని భయంతో చంపడానికా అని నాకే నా మీద రోత పుట్టింది. ఈ ఊళ్ళో దానికి బతుకు లేదు. వేరే చోటు చూడాలి.

మా బావ అప్పటికే చూశాడు. ముళబాగిలులో ఒక లారీల యజమాని. ఆయనకు ఫారిన్ సామాను పిచ్చి. బావ నాతో చెప్పకుండానే ఆయనకు చెప్పేశాడట, మా బామ్మర్ది సిలోన్ హౌండు తెచ్చినాడని. అలాంటి జాతి ఉందో లేదో దేవుడికే తెలియాలి. అక్కడ భూమి ఊగదు, షెడ్డు ఉంది, తిండికి లోటుండదు అని నచ్చజెప్పాడు. సరేనన్నాను. కుక్కను తీసుకుని బస్సులో వెళ్ళి అప్పజెప్పి వచ్చాం. ఆయన దాన్ని చూసి, "ఇంగా పెద్దయితే జాతి తెలుస్తాది," అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. అయినా వచ్చేశాను.

వారం తరవాత చూసి రావడానికి నేనొక్కణ్ణే పోయాను. షెడ్డు వెనక, డీజిలు మడుగులో, జానెడు గొలుసుకు కట్టేశారు. కూర్చోడానికి వీల్లేనంత పొట్టి గొలుసు. పక్కన ఎండిన అన్నం, దాని మీద ఈగలు. క్లీనర్లు ఇద్దరు నాకు వెన్ను చూపి నిలబడున్నారు. ఒకడు "ఛీ" అని దాని వైపు ఉమ్మాడు. అది చెవులు వెనక్కి వేసి, తోక ఊపుకుంటూ గొలుసు తెగేలా ముందుకొచ్చింది. రెండోవాడు బూటుతో తన్నాడు. "ఛీ అంటే పోవల్ల గానీ, దగ్గరికొస్తాదేంరా ఇది! లోకంలో లేని కుక్క!" అని నవ్వాడు. మళ్ళీ ఛీ అన్నాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తన్నాడు. వాళ్ళకదొక ఆటయింది.

నా ఒళ్ళు మండిపోయింది. ఒకణ్ణి కాలరు పట్టుకుని లారీకేసి గుద్దాను. గలాటా విని యజమాని బయటికొచ్చాడు.

"ఏమప్పా, గలాటా చేసేకి వచ్చినావా? నీ కుక్క మా బస్టాండు కుక్కే గదా! ఫారినంటిరే! యాడుండాది ఫారిను?"

"నువ్వు మాత్రం ఫారినా?" అన్నాను. "ఈ గొలుసు నీ మెడకేసుకో, బాగుంటాది."

గొలుసు విప్పి దాన్ని చేతుల్లోకి ఎత్తుకున్నాను. నా చొక్కా నిండా డీజిలు, రసి, ఈగలు. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నాకూ ఎవరూ అక్కర్లేదు. మనుషుల్ని చూస్తేనే రోత పుట్టింది. సిలోన్‌లో కుక్కలు అలా ఎందుకైనాయో తెలుసు, ఆకలి. వీళ్ళకేం ఆకలి?

మర్నాడు పొద్దున పాలు పొయ్యడానికి మునెమ్మత్త వచ్చింది. బంగారుపేట పక్కన పల్లె ఆమెది. రెండు ఆవులు మేపుకుంటూ రోజూ చిన్న రైల్లో మా లైన్లకు పాలు తెస్తుంది. ఆమె మొగుడు మా నాన్న గ్యాంగులోనే పనిచేశాడు. నేను చిన్నగా ఉన్నప్పుడు ఏర్‌బ్లాస్టులో బండ కింద పడ్డాడు. తియ్యడం కుదరక ఆ చోటు మూసేశారు. ఇప్పటికీ లోపలే ఉన్నాడు. ఆమె గుమ్మంలో కూర్చుని కుక్క వీపు మీది పుండ్లు చూసింది.

"ఏం పేరప్పా?"

"ఛీ."

"ఛీ ఏంది? నోట్లో మంచిమాటే లేదా నీకు? మా పల్లెలో ఈ బ్లాస్టు గలాటా ఏమీ ఉండదు. నేను పెట్టుకుంటా. ఏం తింటాది?"

"ఏదైనా."

"ఆడ కుక్కలకి కూడు ఎవురు పెడతా ఉండిరి? మనుషులకే లేదంటిరే?"

నోటిదాకా అబద్ధం వచ్చింది. కానీ ఫారిన్ అన్న ఒక్క అబద్ధానికే ఆ కుక్క వారం రోజులు గొలుసుకు వేలాడింది. ఇంక చాలనిపించింది. అక్కడి కుక్కలు ఏం తినేవో చెప్పాను. దీని తల్లి కూడా తిని ఉంటుందని, ఆ పాలే ఇది తాగి ఉంటుందని చెప్పాను. లోపల్నుంచి మా అమ్మ "శివ శివా" అంది. మునెమ్మత్త పాలక్యాను మూత బిగించింది. ఇంక లేచి పోతుందనుకున్నాను.

"ఆడ సచ్చిన పిలకాయల దగ్గరికి కుక్కన్నా పోయింది," అంది చివరికి. "మా ఆయప్ప ఉండే కాడికి అదీ పోలే."

పైట చెంగు చింపి దాని మెడకు కట్టింది. "రా చిన్నోడా," అంది. అది లేచి ఆమె వెంట పోయింది. వెనక్కి తిరిగి నన్ను చూడను కూడా చూడలేదు. నాకు కోపమొచ్చింది. ఏడుపూ వచ్చింది.

సెలవు అయిపోయే ముందు మహాలయ అమావాస్య వచ్చింది. పెద్దలకు పెట్టే రోజు. పాత గ్యాంగువాడని మా నాన్నను ఏటా మునెమ్మత్త పిలుస్తుంది. ఆ ఏడు నన్నూ తీసుకుపోయాడు. కుక్క గేటు దగ్గరే ఎదురొచ్చింది. ఒళ్ళు చేసింది, పుండ్లు మాని వెంట్రుకలొచ్చాయి. వాకిట్లో ఆమె మరిది, ఇద్దరు ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు ఉన్నారు. ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండింది. రాగి సంగటి, మటన్ పులుసు, వడలు. ఆకులో వడ్డించి, పక్కన ఒక కట్ట బీడీలు పెట్టి, రాళ్ళగోడ మీద పెట్టింది. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాడు తిన్నట్టు. అప్పుడే మిగతావాళ్ళు తినాలి.

చేతులెత్తి "కా, కా" అని పిలిచారు. కాకులు వచ్చాయి. కొబ్బరిచెట్టు మీద వాలి చూస్తూ కూర్చున్నాయి, దిగలేదు. పిల్లలు ఆకలని గొణిగారు. ఎండ నెత్తికెక్కింది.

"ఏటా ఇంతేనప్పా," అని మా నాన్న నా చెవిలో అన్నాడు. "వాడు పోయిన కాణ్ణించి ఒక్క ఏడన్నా కాకి ముట్టలే. కడాకు ఆవుకి పెట్టేస్తారు."

"ఆయప్ప భూమిలోపల ఉండాడు. కాకికి యాడ తెలుస్తాది?" అంది మునెమ్మత్త. ఆ మాట ఏటా అనేదేననుకుంటాను. ఎవరూ తల తిప్పలేదు.

అప్పుడు కుక్క రాళ్ళగోడ ఎక్కింది. ఎవరూ చూసుకునేలోపే ఆకులో మూతి పెట్టింది. ఆడపడుచులు కెవ్వుమన్నారు. మరిది కట్టె అందుకున్నాడు. "కొట్టండి! పెద్దలకి పెట్టింది ముట్టేసె! దరిద్రపు కుక్క, తరిమి ఊరి బయటికి పంపించండి వదినా!" నేను లేచాను. కుక్క మూతి పులుసులో ముంచి తింటోంది. ఆ ఏడాదంతా నేను చూసి చూసి కక్కుకున్నది నా కళ్ళ ముందుకొచ్చింది. తప్పు నాదే, శవాలు తిన్న జాతిని తెచ్చి చనిపోయినవాడి ఆకు దగ్గర వదిలాను, ఇంక దానికి ఎక్కడా చోటు లేదు అనుకున్నాను.

మునెమ్మత్త మరిది చేతిలోని కట్టె పట్టుకుని లాగి అవతల పారేసింది.

"ఎవురూ పలకొద్దండి," అంది. "తిననీ."

అది సంగటి తింది, ఎముక కొరికింది, వడలు మింగింది. ఆమె గోడ దగ్గరకు పోయి నిలబడింది. పదిహేనేళ్ళుగా ఎవరూ ముట్టని ఆకు అది. కుక్క వీపు మీద చెయ్యి వేసింది.

"ఆకలి మీద ఉన్నట్టుండాడు," అంది. "తిన్నాడు లెండి. ఇంగ మీరూ కూర్చోండి."

తరవాత చాలా పోస్టింగులు చేశాను, చాలా చూశాను, చాలావరకు మరిచిపోయాను. ఇది మాత్రం పోదు. రాళ్ళగోడ మీద ఆకు నాకుతున్న ఎర్రకుక్క, దాని వీపు మీద ఆమె చెయ్యి. అది చూస్తూ నాకు ఒక్క పిసరు కూడా అసహ్యం వెయ్యలేదు.